బెణుకే అన్నారు

"ఈ కవరు ఎక్కడిదండీ?"

మందుల షాపాయన చెప్పులు విప్పుతున్నవాడల్లా ఒక కాలికి చెప్పు ఉండగానే ఆగిపోయాడు.

భార్య సోఫాలో కూర్చుని ఉంది. ఎడమ కాలు చాపి, మోకాలి కింద దిండు పెట్టుకుంది. ఎదురుగా బల్ల మీద రెండు కవర్లు. తెల్లది పొద్దున ఎముకల డాక్టరు ఇచ్చిన ఎక్స్‌రేది. రెండోది గోధుమ రంగుది. అంచులు నలిగి, ముట్టుకుంటే దుమ్ము రాలేలా ఉంది. దాని మీద ఆమె పేరు, పేరు పక్కన వయసు నలభై అని రాసి ఉంది.

ఆమెకిప్పుడు యాభై ఒకటి.

"పాత కాగితాలేమైనా ఉంటే తెమ్మన్నాడు డాక్టరు. ఏమీ లేవండీ, ఎప్పుడో ఒకసారి బెణికితే మా ఆయన స్కానింగ్ తీయించారు, ఏం లేదన్నారు అని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఎందుకైనా మంచిదని అటక మీద మీ షాపు అట్టపెట్టె దింపించాను."

"ఎవరు దింపారు?"

"అదా మీకు కావాల్సింది?"

ఆయన రెండో చెప్పు కూడా విప్పి, రెండింటినీ పక్కపక్కన సరిగ్గా పెట్టాడు. ఏ పని లేనప్పుడు మనిషికి అలాంటి పనులే దొరుకుతాయి.

"చదివావా?"

"చదివాను. నేను విజిల్ ఊదుకునేదాన్నే గానీ చదువు రానిదాన్ని కాదు."

బళ్ళో పిల్లలు ఆమెను విజిల్ టీచర్ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా అదే గ్రౌండ్, అదే పరుగు. పిల్లల చేత పది రౌండ్లు వేయించాలంటే ముందు తను రెండు రౌండ్లు వేసే మనిషి. పోయిన వారం మెట్ల మీద కాలు మడత పడి కూలబడింది. లేవలేకపోయింది. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు కలిసి కుర్చీలో మోసుకొచ్చారు.

ఆమె గోధుమ రంగు కవరులోంచి కాగితం తీసింది.

"మోకాలి లోపలి మెత్త, మెనిస్కస్, చిరిగింది అని ఉంది. మృదులాస్థి దెబ్బతినడం మొదలైంది అని ఉంది. కింద డాక్టరు తన చేత్తో రెండు లైన్లు రాశాడు. పరుగు, గెంతడం వెంటనే ఆపాలట. ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించాలట." తలెత్తి చూసింది. "ఆ రోజు ఇది పట్టుకొచ్చి మీరు నాతో ఏమన్నారు?"

ఆయన జేబులోంచి షాపు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మర్చిపోయారా? నేను మర్చిపోలేదు. బెణుకే, కట్టు కట్టుకుని తిరుగు, అదే సర్దుకుంటుంది అన్నారు. నేను నమ్మాను. మర్నాడు పొద్దున ఐదున్నరకి గ్రౌండ్‌లో ఉన్నాను."

"నాకప్పుడు అంత సీరియస్ అనిపించలేదు."

"ముప్ఫై ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నారు. డాక్టర్ల కోడిగీతలు మీకు తప్ప ఈ వీధిలో ఎవరికీ అర్థం కావని మీరే గొప్పగా చెప్పుకుంటారు. ఇది మాత్రం అర్థం కాలేదా?"

లోపలి గదిలోంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. అత్తగారు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఎనభై దాటిన మనిషి, చెవులు మాత్రం పద్దెనిమిదివి.

"మోకాళ్ళన్నాక అరగవా అమ్మాయ్? నావి అరగలేదూ? నేనేమైనా అటకలెక్కించి కవర్లు వెతికించానా?"

"మీవి అరిగాయని మీకు తెలుసు అత్తయ్యా. నావి అరుగుతున్నాయని నాకు తెలియదు. ఈయనకి తెలుసు."

పెద్దావిడ కొడుకు వైపు చూసింది. కొడుకు గడియారం వైపు చూశాడు.

టీచరమ్మ గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే భయపడాలని బళ్ళో అందరికీ తెలుసు. ఇంట్లో ఇప్పుడే తెలిసింది.

"ఇంకో సంగతి. రోజూ పొద్దున పొట్లం కట్టి మూడు మాత్రలిస్తారు. కాల్షియం, బలానికి అంటారు. అవి కాల్షియమేనా?"

"రెండు కాల్షియమే."

"మూడోది?"

ఆయన మంచినీళ్ళ గ్లాసు తీసుకున్నాడు. తాగలేదు.

"మూడోది ఏమిటండీ?"

"నొప్పికి."

"ఎన్నాళ్ళుగా?"

"రోజూ కాదు. నువ్వు కుంటుతున్నట్టు కనబడ్డ రోజున..."

"కడుపులో మంట అని నేను నాలుగేళ్ళుగా మొత్తుకుంటుంటే దానికీ మీరే మందిచ్చారు కదండీ! ఏ చెయ్యి నిప్పు పెట్టిందో ఆ చెయ్యే నీళ్ళు చల్లింది. ఎంత సేవ చేశారు నాకు!"

"నీ మంచికే..."

"ఆ మాట అనకురా," అంది పెద్దావిడ గుమ్మంలోంచి. "మీ నాన్న కూడా ఇంతే. చెప్పకుండా అన్నీ నా మంచికే చేసేవాడు. ఆ మంచి ఎలా ఉంటుందో నేనింతవరకూ కళ్ళ చూడలేదు."

ఆవిడ కర్ర చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

"ఎందుకు?" అంది టీచరమ్మ. "అదొక్కటి చెప్పండి. మిమ్మల్ని కొట్టను, తిట్టను. ఎందుకు దాచారు?"

ఆయన పెదవులు కదిలాయి. ఏదో పేరు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయినట్టనిపించింది.

"నాదే తప్పు. ఇంకేం అడక్కు," అన్నాడు.

ఆ పూట ఆ ఇంట్లో కంచాలు మాత్రమే మాట్లాడుకున్నాయి.

* * *

కూతురి క్లినిక్ చెప్పుల దుకాణం మీద మొదటి అంతస్తులో ఉంది. పదిహేడు మెట్లు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు అని నేర్పింది ఆ కూతురే. మర్నాడు టీచరమ్మ కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఎక్కింది. భుజాన సంచిలో గోధుమ రంగు కవరు ఉంది.

భర్త మోసం చేశాడు. ఆ మాట ఎవరితోనన్నా చెప్పుకోకపోతే గుండె పగిలేలా ఉంది. చెప్పుకోవడానికి ఆమెకున్నది ఒక్క మనిషే. చిన్నప్పుడు నేల మీద కాలు ఆనకుండా పరుగెత్తేదని ఆ పిల్లకు పిచ్చుక అని పేరు పెట్టింది తనే. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళ ఫిజియోథెరపిస్టు. క్లినిక్ వెనక గదిలోనే ఉంటుంది, ఆదివారాలు ఇంటికొస్తుంది.

"అమ్మా! చెబితే నేనే వచ్చేదాన్నిగా!" పిచ్చుక ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. తల్లిని ఎత్తైన మంచం మీద కూర్చోబెట్టి, మోకాలు రెండు అరచేతుల మధ్య పట్టుకుని నెమ్మదిగా వంచి చూసింది. లోపల ఇసుక నలిగినట్టు కరకరమంది.

తెర వెనక బస్సు డ్రైవరు ఒకాయన భుజం మీద వేడి సంచీ పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

"డాక్టరుగారు ఏమన్నారు?"

"మూడో దశ అన్నాడు. లోపలి వైపు ఎముకల మధ్య సందు దాదాపు లేదన్నాడు. పిల్లల్ని పరుగెత్తించు, నువ్వు పరుగెత్తకు అన్నాడు. అంతా అరిగిపోయిందట." టీచరమ్మ కవరు సంగతి ఎత్తలేదు. ముందు మోకాలి సంగతి తెలియాలి. తెలిస్తే గానీ భర్త చేసిన తప్పు ఎంతదో తెలియదు. "నాకు సరిగ్గా అర్థమయ్యేలా చెప్పవే. ఇది ఎలా వస్తుంది? చెప్పు అరిగినట్టు అరుగుతుందా?"

పిచ్చుక ముఖం వెలిగింది. బల్ల మీదున్న ప్లాస్టిక్ మోకాలిని తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది.

"అందరూ చెప్పుతోనే పోలుస్తారు. చెప్పుకు ప్రాణం లేదు కదమ్మా, దీనికి ఉంది. ఇదిగో, రెండు ఎముకల చివర్లా ఈ తెల్లటి నున్నటి పూత చూశావా? ఇదే మృదులాస్థి. ఇది రోజూ కొంచెం చెడుతుంది, రోజూ కొంచెం బాగుచేసుకుంటుంది. ఆ రెండూ సరిసమానంగా ఉన్నన్నాళ్ళూ ఫరవాలేదు. చెడడం ఎక్కువై, బాగుచేసుకోవడం వెనకబడితే అప్పుడు మొదలవుతుంది."

"మరి తిండి? రక్తం?"

"రక్తనాళాలు లేవు దీనికి. కీలులో జిగురుగా ఒక నీరుంటుంది, అందులోంచే తిండి. అడుగేస్తే స్పాంజిలా నొక్కుకుంటుంది, ఎత్తితే పీల్చుకుంటుంది. అందుకే కదలకుండా కూర్చున్నా దీనికి మంచిది కాదు. నరాలు కూడా లేవు."

"నరాలు లేకపోతే నొప్పెలా తెలుస్తుంది?"

"తెలీదు. అదే గొడవంతా. మొదట్లో అది చెడుతున్నా నొప్పి రాదు. పైపూత గరుకెక్కి, పగుళ్ళిచ్చి, ముక్కలు ఊడి ఆ నీటిలో పడితే చుట్టూ ఉండే పొర వాస్తుంది. అప్పుడు నొప్పి మొదలవుతుంది. పూత పోయిన చోట కింది ఎముక మీద బరువు పడుతుంది, అది గట్టిపడుతుంది, అంచుల్లో ముళ్ళలా పెరుగుతుంది. నొప్పికి భయపడి కాలు వాడడం తగ్గిస్తాం. తొడ కండ బలం తగ్గుతుంది. ఆ కండ మోయాల్సిన బరువు కూడా మోకాలి మీదే పడుతుంది. అలా ఒకదాని వెనక ఒకటి."

టీచరమ్మ ఆ ప్లాస్టిక్ ఎముకల్ని తిప్పి తిప్పి చూసింది. పాఠం బాగా చెబుతోంది పిల్ల. తన పోలికే.

"అయితే ఇరవై ఆరేళ్ళు పరుగెత్తినందుకు శిక్ష అన్నమాట."

"ఛ, కాదు! మంచి మోకాలికి పరుగు చేటు కాదమ్మా. వయసు, బరువు, వంశం, నెలసరి ఆగడం, అన్నీ కొంచెం కొంచెం కలుస్తాయి. వాటన్నిటికంటే పాత దెబ్బ ముఖ్యం." పిచ్చుక వేలితో ఎముకల మధ్యనున్న చంద్రవంకలాంటి మెత్తను చూపించింది. "ఇది మెనిస్కస్. బరువు ఒక్కచోటే పడకుండా పంచుతుంది. నీకు లోపలి వైపుది వెనక భాగంలో చిరిగింది కదా, ఇక్కడ. దాంతో బరువంతా ఈ కాస్త చోటు మీదే పడింది. దాని మీద నువ్వు రోజూ పరుగెత్తావు. అందుకే బయటి వైపు బాగానే ఉండి లోపలి వైపే ఇంతలా..."

మాట మధ్యలో ఆగింది. ఎవరూ ఆపలేదు. అదే ఆగింది.

టీచరమ్మ ప్లాస్టిక్ మోకాలిని మంచం మీద పక్కన పెట్టింది.

"చిరిగిందని నీకెవరు చెప్పారు?"

"అదే... డాక్టరు గారు..."

"డాక్టరుకు తెలియదు. ఎక్స్‌రేలో ఎముకలే కనిపిస్తాయి, మెత్త సంగతి తెలియాలంటే పాత స్కానింగ్ ఉంటే తెమ్మన్నాడు. నేనింకా ఎవరికీ ఇవ్వలేదు."

పిచ్చుక గోడ వైపు చూసింది. గోడ మీద రంగురంగుల రబ్బరు పట్టీలు వేలాడుతున్నాయి. వాటిని ఎప్పుడూ చూడనట్టు చూసింది.

"నాన్న చెప్పేశారా?" అంది చివరికి.

"నాన్న ఏం చెప్పాలి?"

తెర వెనక మంచం కిర్రుమంది. డ్రైవరు వేడి సంచీ భుజం మీద అలాగే అదిమి పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

"ఏం చెప్పాలే మీ నాన్న?"

"అమ్మా, అప్పుడు నాకు పదిహేనేళ్ళు."

టీచరమ్మ భుజాన ఉన్న సంచి ఒళ్ళోకి లాక్కుంది.

"నాన్న షాపులో ఆ కాగితం చదువుతుంటే నేను కౌంటరు లోపలే కూర్చుని హోమ్‌వర్క్ చేసుకుంటున్నా. నాన్న ముఖం చూసి లాక్కుని చదివా. పెద్ద పోటీలకి ఇంక నాలుగు నెలలే ఉంది. ఎనిమిది వందల మీటర్లు. నువ్వు ఆగిపోతే టీమ్‌ని పక్క బడి కోచ్‌కి ఇచ్చేవాళ్ళు. ఆయన తన పిల్లల్నే దింపేవాడు, నన్ను పక్కన కూర్చోబెట్టేవాడు. నేను ఏడ్చాను. పోటీ అయ్యేదాకా అమ్మకు చెప్పకు నాన్నా అని ఆయన కాళ్ళు పట్టుకున్నాను."

"పోటీ అయింది."

"అయింది."

"మూడో స్థానం వచ్చింది. ఫినిషింగ్ లైను దగ్గర నిన్ను ఎత్తుకుని తిప్పాను. ఆ మోకాలితోనే."

పిచ్చుక కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి జారాయి. తుడుచుకోలేదు. "ఇప్పుడు చెబుదాం నాన్నా అన్నాను. ఇప్పుడు చెబితే నాలుగు నెలలు ఎందుకు దాచారంటుంది అన్నారు. తర్వాత సంవత్సరం అయింది. నువ్వు బాగానే తిరుగుతున్నావు. తగ్గిపోయిందేమో అనుకున్నాం."

"అనుకున్నారా?"

పిచ్చుక మంచం మీది దుప్పటి అంచు సర్దింది.

"ఆ పదిహేనేళ్ళ పిల్లను నేను ఏమీ అనను," అంది టీచరమ్మ. ఆమె గొంతులో తడి లేదు. "పదిహేనేళ్ళ పిల్లలు నా దగ్గరికి రోజుకు వందమంది వస్తారు. పోటీ అంటే ప్రాణమిస్తారు, అమ్మానాన్నల ప్రాణం కూడా ఇచ్చేస్తారు. ఆ వయసు అంతే. నేను అడిగేది ఆ పిల్లను కాదు. పద్దెనిమిదేళ్ళకి ఈ చదువులో చేరిన పిల్లను. మోకాలి పాఠం ఎప్పుడు చెప్పారు నీకు?"

"రెండో సంవత్సరం."

"ఇప్పుడు నాకు చెప్పావే, పూత గరుకెక్కుతుంది, పగులుతుంది, ముక్కలు ఊడతాయి, కండ తగ్గుతుంది. అదంతా అప్పుడే నేర్చుకున్నావా?"

"అవును."

"ఆదివారం ఇంటికొచ్చి నేను మెట్లు దిగుతుంటే చూసేదానివి. ఏ దశలో ఉందో తెలిసేది నీకు."

పిచ్చుక ప్లాస్టిక్ మోకాలిని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది.

"తెలిసేది," అంది టీచరమ్మే. "నీకు పాఠం ఉంది, ఎదురుగా మోకాలుంది. ఒక్క ఆదివారమైనా, అమ్మా నీ కాలు ఒకసారి డాక్టరుకు చూపిద్దాం అనడానికి నోరు రాలేదా? కారణం కూడా చెప్పక్కర్లేదే! ఊరికే చూపిద్దాం అంటే సరిపోయేది."

"చూపిస్తే ఎప్పటిదని అడుగుతావని భయం."

"అందుకని నా కాలు అరగనిచ్చావు."

"నేను ఈ చదువు చదివిందే నీ కోసం అమ్మా! నీ కాలు నేనే బాగు చేయాలని..."

"అయితే ఎందుకు చేయలేదు?"

కింద చెప్పుల దుకాణంలో ఎవరో జత నచ్చలేదని బేరం వదిలేసి వెళ్ళిపోతున్నారు. ఆ మాటలు స్పష్టంగా పైకి వినిపించాయి.

టీచరమ్మ మంచం దిగింది. పిచ్చుక చటుక్కున చెయ్యి అందించింది. తల్లి ఆ చెయ్యి కనిపించనట్టే మంచం అంచు పట్టుకుని నిలబడింది.

"డాక్టరు నీకే ఉత్తరం రాసిచ్చాడు. వారానికి మూడు రోజులు మీ అమ్మాయి దగ్గరే వ్యాయామాలు చేయించుకోండి, ఎంత అదృష్టమో అన్నాడు." సంచిలోంచి ఆ ఉత్తరం తీసి, నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ సంచిలోనే పెట్టుకుంది. "వేరే చోటు చూసుకుంటాను."

నొప్పి కాలు ముందు, మంచి కాలు వెనక. పదిహేడు మెట్లూ ఒంటరిగా దిగింది.

* * *

మందుల షాపు ముందు ఐదుగురు నిలబడి ఉన్నారు. టీచరమ్మ ఆరో మనిషిగా వరసలో నిలబడింది.

షాపాయన దగ్గు మందు ఇచ్చాడు. చంటిపిల్ల తల్లికి చుక్కల మందు ఎన్ని చుక్కలో రెండుసార్లు చెప్పాడు. ఒక ముసలాయనకు బీపీ మాత్రలు ఇస్తూ, "ఉప్పు తగ్గించు బాబాయ్, ఏదీ దాచకుండా డాక్టరుకు చెప్పు," అన్నాడు. తలెత్తితే ఎదురుగా భార్య.

"చెప్పిందా?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నిన్న సాయంత్రం ఆయన నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయిన పేరు ఏదో ఆమెకు తెలిసిపోయింది.

"దాన్ని కాపాడారన్నమాట."

"చిన్నపిల్ల. అది అడిగింది నాలుగు నెలలే." కౌంటరు మీద చిల్లర కాగితాల్ని అనవసరంగా సర్దాడు. "మిగతా పదేళ్ళ ఎనిమిది నెలలూ నావి. దాని మీద పెట్టకు."

"ఎవరి వాటా ఎంతో మీరిద్దరూ పంచుకోండి. కాలు మాత్రం నాదొక్కదానిదే."

"నీకు చెబితే గ్రౌండ్ మానేయాలి. గ్రౌండ్ లేకపోతే నువ్వు మనిషివి కాకుండా పోతావని భయమేసింది. నిజంగా."

"కావచ్చు. పోయేదాన్నేమో. ఆరు నెలలు ఏడ్చి, లేచి, కుర్చీలో కూర్చుని విజిల్ ఊదేదాన్నేమో. ఏదో ఒకటి నేను తేల్చుకునేదాన్ని. నా కాలు గురించి మీ ఇద్దరికీ తెలుసు, నాకు మాత్రం తెలియదు. అది ఎలా ఉంటుందో మీకు తెలుసా?"

వెనక ఎవరో, "అమ్మా, త్వరగా కానివ్వండి," అన్నారు.

"అయిపోయింది బాబూ," అంది టీచరమ్మ పక్కకు జరుగుతూ. "నాకేం మందు అక్కర్లేదు."

* * *

నాలుగు రోజుల తర్వాత పెద్దాసుపత్రి ఫిజియోథెరపీ గదిలో ఆమె ఇనుప కుర్చీలో కూర్చుంది. ఈ నాలుగు రోజులూ ఇంట్లో ఆమె అత్తగారితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. పిచ్చుక రోజూ ఫోన్ చేసింది. ఫోన్ మోగి మోగి ఆగిపోయేది.

కొత్తగా చేరిన ఫిజియో ఆవిడ సన్నగా, చురుగ్గా ఉంది. గోధుమ రంగు కవరులోని కాగితం అంతా చదివింది, తేదీ దగ్గర ఒకసారి కనుబొమలు ఎగరేసింది, ఏమీ అడగలేదు. అందుకు టీచరమ్మ మనసులో దణ్ణం పెట్టుకుంది.

"పోయిన పూత తిరిగి రాదండీ. అబద్ధం చెప్పను. కానీ మిగిలింది నిలుపుకోవచ్చు. తొడ కండకు బలం రావాలి. కండ బరువు మోస్తే మోకాలికి భారం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. ఆపరేషన్ చాలా ఏళ్ళు వెనక్కి నెట్టొచ్చు. నెట్టలేకపోతే అది కూడా మీకే ముందు చెబుతాను."

"అంతే కావాలమ్మా నాకు," అంది టీచరమ్మ. పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి.

ఫిజియో ఆవిడ అట్ట మీద కాగితం పెట్టి రాసుకుంది. వయసు, పని, బరువు, ఇంట్లో మెట్లు ఎన్ని.

"మొదటి నెల ఇంట్లో ఎవరైనా తోడుండాలి. మడమ పట్టుకోవాలి, మోకాలు పక్కకు పోకుండా చూడాలి. మీ ఇంట్లో ఎవరున్నారు చేయించడానికి?"

"ఎవరూ లేరండీ."

"ఒక్కరు కూడా లేరా?"

"అత్తగారున్నారు. ఆవిడ కర్ర పట్టుకోవడానికే ఆవిడకు రెండు చేతులు చాలవు."

ఫిజియో ఆవిడ నవ్వింది. అంతలో గుమ్మం దగ్గర చప్పుడైంది.

పిచ్చుక నిలబడి ఉంది. నానమ్మ చెప్పి ఉంటుంది, క్లినిక్ చొక్కా మీదే వచ్చేసింది. జేబులో ఇంకా కొలత టేపు వేలాడుతోంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. మూడో స్థానంలో వచ్చి ఊపిరందక వంగిపోయిన రోజున ఉన్నట్టే ఉంది ముఖం.

"నేనున్నాను," అంది. "రోజూ వస్తాను. మీరు ఏం చెబితే అదే చేయిస్తాను మేడమ్. నా సొంతం ఒక్కటీ కలపను."

ఫిజియో ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ముక్కు తీరు, నుదురు తీరు చూస్తే ఎవరికైనా అనుమానం రావాల్సిందే. అయినా మర్యాదకు టీచరమ్మనే అడిగింది.

"ఈ అమ్మాయి ఎవరండీ?"

టీచరమ్మ తలుపు వైపు తిరగలేదు. తన మోకాలిని చూసుకుంది. దాని మీద రెండు అరచేతులూ పెట్టుకుంది. బయట వరండాలో చక్రాల కుర్చీ ఒకటి తోసుకుంటూ వెళుతున్నారు. అది మలుపు తిరిగే దాకా ఆగింది.

"ఒకప్పుడు నా దగ్గర పరుగు నేర్చుకున్న పిల్ల," అంది.

గుమ్మం దగ్గర పిచ్చుక వేలాడుతున్న టేపును జేబులోకి తోసుకుంది.

ఫిజియో ఆవిడ కలం ఎత్తింది. "సరేనండీ. తోడుండే మనిషి అన్న చోట ఈ అమ్మాయి పేరు రాయనా, ఖాళీగా వదిలేయనా?"